పురి పైగింజలు, అడుగుగింజలు

పంతొమ్మిది వందల ఇరవైల మాట. నేను నర్సీపట్నం కాపరానికొచ్చిన తొలి ఏడు. పుట్టింట, బలిఘట్టంలో, రెండో తరగతితో బడి మానిపించారు. లెక్కపెట్టడం మాత్రం పట్టుబడింది.

గడ్డితాడు చుట్టిన పురిలో విత్తనం వడ్లు దాచేవాళ్ళం. తొలకరికి ముందు మా అత్త అందులోంచి ఇరవై గింజలు తీసి, తడిగుడ్డలో మూటకట్టి, మూడురోజులు పొయ్యి వార ఉంచేది. పద్దెనిమిది మొలిస్తే విత్తనం మంచిదని లెక్క. ఆ ఏడు ఇరవైకి ఇరవై మొలిచాయి.

"వాన పడగానే సల్లేద్దాం" అంది.

ఇంట్లో ఉన్న విత్తనం అదొక్కటే. మొలవకపోతే ఆ ఏటికి మాకు నాట్లు లేనట్టే.

నాకేమో అనుమానం పట్టుకుంది. పురి నా భుజమెత్తు. అత్త చెయ్యి ఎప్పుడూ పైగింజల మీదే పడుతుంది. మరి అడుగువో? అడుగున తాళ్ళ సందున వేలు దూర్చి ఇరవై లాగాను, మూటకట్టాను. ఐదే మొలిచాయి.

అత్త చూసింది. "నీ సెయ్యి మంచిది కాదే. విత్తనానికేటి రోగం?"

నాకు ఒళ్ళు మండింది. ఆ ఐదు గింజల్లో ఆవిడకి నా చెయ్యి కనిపించింది, నాకు పురి అడుగు కనిపించింది. ఎవరిది నిజం?

"అయితే అత్తా, అడుగువి నువ్వు కట్టు. పైవి నేను కడతాను."

"నాకే పరీచ్చ పెడతావేటే, పంతులమ్మా?"

అరుగు మీంచి మావ అన్నాడు: "ఏదో ఒకటి బేగి తేల్సండి. మబ్బు పట్టింది."

మూడోనాడు మూటలు విప్పాం. నావి పంతొమ్మిది. అత్తవి నాలుగు. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది, నాలుగే.

"నీ సెయ్యి కూడా పోయిందేటే?" అని మావ పకపకా నవ్వాడు.

అత్త నవ్వలేదు. లేచి పురి వెనక గోడ తడిమింది. చెమ్మ. ఆ మధ్యాహ్నమే పురి విప్పి సగానికి పైనున్నవి విత్తనానికి తీశాం. అడుగువి దంపించింది. నెల్లాళ్ళు ముక్కవాసన అన్నం తిన్నాం. తప్పేముంది, తిండి పారేస్తామా?

ఆకుమడిలో నారు ఒత్తుగా లేచింది. విత్తనం చాలక మిగిలిపోయిన పొలం చెక్కలో చోళ్ళు, అదే రాగులు, వేశాం. నాదే నిజమని అత్త ఏనాడూ అనలేదు. పై ఏడు మాత్రం పైన, నడుమ, అడుగున అని మూడు మూటలు తనే కట్టింది.

"నిరుడు అంత చెమ్మలోనూ ఆ నాలుగూ ఎలా మొలిచాయత్తా?" అని అడిగాను.

"తెలీదు. ఇంకోసారి కట్టి సూద్దాం" అంది.