దిగే స్టేజీ మరిపించాలన్న మామ

మా పక్కింటి కండక్టర్ మామ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. కబురు వచ్చినప్పుడు నేను గద్వాలలో పనిచేసే జిరాక్స్ సెంటర్లో ఉన్నాను. ఎవరిదో ఆధార్ కార్డు రెండు వైపులూ ఒకే కాగితం మీద పడేట్టు సరిచేస్తున్నాను. మామ భార్య, అత్తమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూనే, ఆయన మీద రోజూ చేసే ఫిర్యాదు గొంతుతోనే చెప్పింది: "చాయ్ పెట్టమన్నడు బిడ్డా. పెట్టుకొచ్చే లోపల్నే పోయిండు. జరసేపు ఆగలేకపోయిండా మనిషి." నేను కార్డు చేతిలో పట్టుకునే బయటికి నడిచాను. పాపం ఆ కార్డు మనిషి మా వీధి దాకా వెంట వచ్చి, సంగతి తెలిసి, కార్డు అడగకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకూ మామ తెలుసట. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ పోయే బస్సుల్లో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన మనిషిని తెలియనివాళ్లెవరు?

నేను టీవీ సినిమాలకు కథలు, మాటలు రాస్తాను. ఇప్పటికి మూడు అమ్ముడుపోయాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నావని హైదరాబాదులో అడిగితే, మా పక్కింటి కండక్టర్ దగ్గర అంటాను. జోకనుకుని నవ్వుతారు. నవ్వనీ.

ఆదివారం మధ్యాహ్నాలు అత్తమ్మతో కలిసి వాళ్లింట్లో టీవీ సినిమాలు చూసేదాన్ని. నాకు నోరు ఊరుకోదు. ఇప్పుడు వీడు చెంప పగలగొడతాడు, ఇప్పుడు ఈమె కళ్లు తిరిగి పడిపోతుంది అని ముందే చెప్పేసేదాన్ని. అత్తమ్మకు ఒళ్లు మండేది. ఒకరోజు, ఇంతకంటే నేనే బాగా రాస్తానని అనేశాను. పేపర్ చదువుతున్న మామ తలెత్తి, "రాయి మరి. ఎవరద్దన్నరు?" అన్నాడు.

రోషానికి పోయి నెలరోజులు రాశాను. అయిజలో ఒక కోడలు. మొగుడి కాలు విరిగింది, పల్లికాయ మార్కెట్‌కు తోలాలి. కోడలికి ట్రాక్టర్ నడపడం వచ్చు. కానీ అత్త తాళంచెవి కొంగున కట్టుకుని ఇవ్వదు. ఇదీ కథ. చక్కగా టైపు చేసి, స్పైరల్ బైండింగ్ కూడా వేసి తీసుకెళ్లి ఇచ్చాను. మామ దాన్ని తెరవనైనా లేదు. బరువు చూసి పక్కన పెట్టి, నోటితో చెప్పమన్నాడు. మొదలుపెట్టాను. అయిదు నిమిషాల్లో పన్నెండు మంది మనుషులు వచ్చేశారు. "హోల్డాన్" అన్నాడు, బస్సు ఆపేటప్పుడు అన్నట్టే. "ఎక్కినోళ్లందరికి సీటియ్యలేవు బిడ్డా. సగం మందిని దింపు." నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికి వచ్చి దింపాను. మరిదిని, మేనత్తను, ఒక కానిస్టేబుల్‌ను దింపేశాక కథ నిజంగానే కదిలింది.

అప్పటి నుంచి మా పాఠం అదే. సీను చెప్పాలి. బాగుంటే "రైట్ రైట్", లేకుంటే "హోల్డాన్". ఎందుకు బాగాలేదో మాత్రం చెప్పేవాడు కాదు. అడిగితే, బండి ఆపేది కండక్టర్, రిపేరు చేసుకునేది నువ్వు అని నవ్వేవాడు. టీవీ సినిమాల మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు జనం చానల్ మార్చేస్తారని నేను బెంగపడితే, ఆయనకు అదొక కొత్త సంగతే కాదు. బస్సులో టికెట్లు కొడుతూ తాను కథలు చెబుతుంటే ప్రతి స్టేజీలోనూ జనం దిగిపోయేవాళ్లేనట. "దిగాల్సినోడు దిగుడు మర్చిపోవాలె. గప్పుడు అది కథ" అన్నాడు.

అంతటితో ఆగితే మామ ఎందుకవుతాడు? ఆడవాళ్లకు ఎట్లాగూ బస్సు ఉచితం, జీరో టికెట్టే కదా, వెళ్లి బస్సులో చెప్పి రమ్మన్నాడు. వనపర్తి బస్సెక్కి, తెలియని మనిషి పక్కన కూర్చుని కథ చెప్పాలి. ఆమె నిద్రపోతే తిరిగి రాయాలి. మొదటిసారి ఎర్రవల్లి రాకముందే ఆమె నిద్రపోయింది. రెండోసారి ఆమె తన కథ అందుకుంది, నాదానికంటే బాగుంది. మూడోసారి, ఇది కథ అని ముందుగా చెప్పడం మర్చిపోయాను. అదే కొంప ముంచింది. పక్కనున్న పెద్దమ్మ ఆ కోడలు నేనే అనుకుంది. బీచుపల్లి బ్రిడ్జి దాటేసరికి ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు, వెనక సీటు వాళ్లు లేచి నిలబడ్డారు. తాళంచెవి లాక్కోమని సగం బస్సు, పెద్దదాని మాట వినమని సగం బస్సు. ఇది కథే అని చెప్పే ధైర్యం అప్పటికి నాకు పోయింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ అత్తది ఏ ఊరు? నేనొచ్చి మాట్లాడ్త. తాళం గుంజుకునుడు కాదు బిడ్డా, ఆమెను గూడ ట్రాక్టరెక్కించుకోని పో." పెబ్బేరులో దిగాల్సిన మనిషి వనపర్తి దాకా వచ్చేసింది. తిట్టుకుంటూ దిగింది. నన్ను కాదు, మా అత్తను. నాకసలు పెళ్లే కాలేదు.

మామ పడీపడీ నవ్వి, అత్తమ్మను పిలిచి నాతో మళ్లీ మొదటి నుంచి చెప్పించాడు. నా సినిమాకు ముగింపు కూడా పెద్దమ్మ మాటే అయింది. అత్తాకోడళ్లిద్దరూ ఒకే ట్రాక్టర్ మీద మార్కెట్‌కు వెళ్తారు.

రాయడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. ఫోన్ల మీద ఫోన్లు చేయగా హైదరాబాదులో ఒక చానల్ వాళ్లు రమ్మన్నారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని తోడు వచ్చాడు. అక్కడి సారు కథంతా విన్నాడు, నవ్వాల్సిన చోట నవ్వాడు. ఇక నేను భూమ్మీద లేను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. కథ తీసుకుంటారట. కానీ మాటలు వాళ్ల రచయితలు రాస్తారు, తెర మీద పేరు కూడా వాళ్లదే పడుతుంది, కొత్తవాళ్లకు ఎక్కడైనా ఇంతేనట. నిజం చెబుతున్నాను, నేను తల ఊపేసేదాన్నే. రెండేళ్లుగా ఏం రాస్తున్నావని అడిగే ఇంట్లోవాళ్లకు ఏదో ఒకటి చూపించాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. మామ గొంతు సవరించుకున్నాడు. "బిడ్డ పేరు తెర మీద పడాలె సారూ. మొదట్లనే పడాలె. లేదంటే మేం పోతం." సారు, అయితే వెళ్లి రండి అన్నాడు. మామ నిజంగానే లేచాడు.

తిరుగు బస్సులో జడ్చర్ల దాటాక నోరు విప్పాను, విప్పకపోయుంటే బాగుండేది. నా బతుకు ఆగం చేశావన్నాను. నీకేం పోయింది, పోయింది నాది కదా అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఒక్కటే అన్నాడు. "నీ పేరు లేకుంట నీ కథ ఇంటికెట్ల తిరిగొస్తది బిడ్డా?" నెలరోజులు ఆ గడప తొక్కలేదు. ఆ నెల గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెల తిరిగాక ఆ సారే ఫోన్ చేశాడు. వాళ్లు అనుకున్న వేరే కథ కుదరలేదట. మీ ట్రాక్టర్ కథ మీరే రాయండి, పేరు వేస్తాం అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాను. మామ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. తప్పైపోయింది మామా అనబోతే, చేటలోంచి తలెత్తకుండానే "రైట్ రైట్" అని చెయ్యి ఊపాడు.

ప్రసారమయ్యే ఆదివారం వీధి వీధంతా మామ ఇంట్లోనే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంగీతం మొదలైంది. నటుల పేర్లు పడుతున్నాయి. మామకు కళ్లద్దాలు దొరకలేదు. నా పేరు ఎక్కడ దాటిపోతుందోనని ఉన్నపళంగా లేచి, బనీను మీదే వెళ్లి టీవీకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. అందరూ గోల పెట్టారు. "జర జరుగయ్యా. మేం సినిమా చూడాల్నా, నీ వీపు చూడాల్నా?" అని అత్తమ్మ అరిచింది. ఆయన జరిగేసరికి అయిజ పొలాలు వచ్చేశాయి. నా పేరు వచ్చి, వెళ్లిపోయింది. ఆ గదిలో దాన్ని చూసింది ఆయన ఒక్కడే.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎట్లుంది మామా అని అడిగాను. ఇటు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు. "పేరు పెద్దగ ఉండె బిడ్డా. ఇంటిపేరుతోని సహా వేసిండ్రు" అన్నాడు.

ఆ తర్వాత ఫోన్‌లో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. మిగతా రెండు సినిమాల్లోనూ చూసుకున్నాను. అయినా నా పేరు తెర మీద పడుతుందంటే ఇవాళ్టికీ ముందుగా నా కళ్లకు కట్టేది మామ వీపే. టీవీని మొత్తం కప్పేసిన తెల్ల బనీను, దాని అంచుల చుట్టూ కదులుతున్న కాస్త వెలుతురు.