దమయంతప్ప ఎదుగుదల షీల్డు

మొన్న ఆదివారం టెక్కలి నుంచి కాశీబుగ్గ వస్తుంటే బస్సు తోటల పక్కన కాసేపు ఆగింది. కొబ్బరి చెట్ల అవతల మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు. "బాలు గాల్లోకి లేసింది... కింద మనిషున్నాడు... పట్టీసినాడు!" కొట్టిందెవరో, పట్టిందెవరో నాకు తెలియదు. అయినా సీట్లోంచి సగం లేచిపోయాను. పక్కనున్న పెద్దావిడ "ఏటమ్మా, మీవోల్లేటి ఆడతన్నారు?" అంది. కాదని కూర్చున్నాను గానీ గుండె ఒక పట్టాన కుదుటపడలేదు. నాకు ఈ పిచ్చి అంటించిన మనిషి దమయంతప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు, కాశీబుగ్గలో నేను పనికి కుదిరిన జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ గదికి పెద్ద.

పొట్టి మనిషి, గట్టి గొంతు. బల్ల మీద పోసిన పప్పుని గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఒక పక్కకి తోస్తూనే క్రికెట్ మాట్లాడేది. టీవీలో కనిపించే ఆటగాళ్ళంటే ఆవిడకి లెక్కలేదు. "ఆల్లు బాగా ఆడితే మనకేటే? మన ఉద్దానపోల్లు ఆడతన్నారు, ఎల్లి సూడండి" అనేది. వేసవిలో మా ఉద్దానం ఊళ్ళ మధ్య ప్రతి ఆదివారం మ్యాచ్‌లు జరుగుతాయి. ఆ ఆటగాళ్ళ మీద అప్ప ఫ్యాక్టరీలో ఒక ఫాంటసీ లీగ్ పెట్టింది. ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఒక్కొక్కరు పదకొండు పేర్లు కాగితం మీద రాసివ్వాలి. ఆదివారం వాళ్ళు చేసిన పరుగులూ తీసిన వికెట్లే మన పాయింట్లు. పందెం మాటెత్తితే అప్ప చీపురు తీసేది. షరతు ఒక్కటే, ఎంచుకున్న వాళ్ళ ఆట కళ్ళతో చూసి రావాలి. ప్రతి సోమవారం టీ వేళ అప్ప మైకులో పాయింట్లు చదువుతుంటే పొయ్యి దగ్గరవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చేవారు.

గెలిచిన జట్టుకి కప్పుండేది. అంతకంటే అందరి కళ్ళూ ఎదుగుదల షీల్డు మీదే. మొదటి ఐదు ఆదివారాల కంటే చివరి ఐదింట్లో ఎవరి పాయింట్లు ఎక్కువ పెరిగితే వాళ్ళకది. ఐదో వారం కాగానే పాత ఆటగాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని రాసుకోవచ్చు. ఆఖరి సోమవారం గెలిచినవాళ్ళ పేరు ఫ్యాక్టరీ మొత్తానికి వినబడేలా చదువుతారు. మా అమ్మ అదే ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనిలో ఉండేది. రెండేళ్ళు వరసగా నా జట్టు అట్టడుగున ఉంటే, అమ్మ తల వంచుకుని టీ తాగి వెళ్ళిపోయేది. మూడో ఏడు ఆ షీల్డు ఎలాగైనా నాకు రావాలి. నా పేరు మైకులో అమ్మ వినాలి.

అప్పుడు నాకో దొంగ తెలివి పుట్టింది. పైకి ఎక్కువ ఎగబాకాలంటే ముందు బాగా కింద ఉండాలి కదా! ఒక్కరి ఆటా చూడకుండానే, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఆడని వాళ్ళనీ, ఆడలేని వాళ్ళనీ వెతికి మరీ రాశాను. నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసే సింహాచలం అందులో ముఖ్యుడు. నలభై దగ్గరపడ్డ మనిషి. ఆయన బౌలింగ్‌లో కొట్టని వాడు లేడు. నాలుగు ఆదివారాలు నా పథకం దివ్యంగా సాగింది. నా పాయింట్లు చదివినప్పుడల్లా అందరూ నవ్వారు, నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

ఐదో ఆదివారం అప్ప స్కూటర్ మీద మా ఇంటికొచ్చింది. "నీ జట్టోల్లని ఒక్కడినీ సూడనేదు గదే. ఎక్కు, నౌపడ ఎల్దుం." కాదనడానికి సాకు దొరకలేదు. మళ్ళ పక్కన మైదానంలో దిగేసరికి, కాళ్ళు ఉప్పుకి పగిలిన మనిషొకడు బెరుగ్గా ఎదురొచ్చాడు.

"నన్ను రాసుకున్నది మీరేనా అమ్మా? ఈ యేడు ఆట మానీద్దుమనుకున్నాను. కాశీబుగ్గలో ఎవులో నన్ను రాసుకున్నారని మావోల్లు సెప్పినారు. అందుకే ఒగ్గనేదు. మా ఇంటిదాన్ని కూడా తెచ్చినాను సూడ్డానికి."

ఆయన భార్య నన్ను చూసి నవ్వింది. నేను నేలకేసి చూశాను.

బంతి చేతికిచ్చారు. రెండో బంతికే స్టంపు ఎగిరింది. అయ్యో అన్నాను పైకే, ఎందుకంటే ఆ వికెట్ పాయింట్లు నా మొదటి సగం లెక్కలో చేరతాయి. అదే ఓవర్లో ఇంకొకటి. పెరిగిపోతున్న పాయింట్లని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. అప్ప మాత్రం చప్పట్లు కొడుతూ నన్నే చూస్తోంది. మూడోది క్యాచ్. అప్పటికి సింహాచలం ముఖం చూస్తే ఆయనకే నమ్మకం కుదరడం లేదు. ప్రతి వికెట్‌కీ భార్య వైపు కాదు, నా వైపు చెయ్యెత్తుతున్నాడు! నాలుగోది పడగానే నేను లేచి నిలబడ్డాను. చివరి ఓవర్లో ఎల్‌బీకి అంపైర్ వేలెత్తడానికి ఆలోచిస్తుంటే, "అవుటే, అవుటే, ఇవ్వండి బాబూ!" అని గీత దాటి లోపలికి పరుగెత్తాను. వేలు లేచింది. ఐదు వికెట్లు! ఆయన భార్యా నేనూ చేతులు పట్టుకుని గెంతాం. నా షీల్డు మునిగిపోయిందని తెలిసీ గెంతాను. అంత సంతోషం అంతకుముందు నాకు తెలియదు.

తిరిగి వస్తూ, దారిలో అప్పతో అంతా చెప్పేశాను.

"నానేటి గుడ్డిదాన్నా?" అంది. "ఏరి ఏరి పుచ్చంతా పోగేసినావు. అంత బాగా ఏరీదానివి, మంచిది ఏరనేవేటే?"

"మరి ముందే తిట్టొచ్చు గదా అప్పా?"

"తిడితే బయపడి మానీదానివి. వికెట్టుకి ఎగిరీదానివి కాదు."

రెండో సగంలో ఊరూరూ తిరిగి, చూసి, నిజంగా ఎంచి రాశాను. సింహాచలాన్ని తీసేయలేదు. పాయింట్లు బాగానే పెరిగాయి, కాని షీల్డు మా ఫ్యాక్టరీ లారీ డ్రైవర్ జట్టుకి పోయింది. ఐదో ఆదివారం ఆ వికెట్లు పడకపోయి ఉంటే నాదే. మైకులో వేరే పేరు విని అమ్మ నా భుజం తట్టి పనిలోకి వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి సింహాచలం నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నౌపడ నుంచి సైకిల్ మీద వచ్చాడు, బహుమతి మనకే వస్తుందని.

"సాలనేదా అమ్మా, నా వికెట్లు?" అన్నాడు.

అసలు సంగతి చెబితే ఆ మనిషి ఏమైపోతాడు?

"మీవే ఎక్కువ, అన్నా," అన్నాను. "నానే సాలనేదు."

వెనక ఎప్పుడొచ్చిందో అప్ప, పాయింట్ల పుస్తకం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తరవాతి ఏడు నుంచి చదివేది నేనే.

అప్ప ఇప్పుడు జలంత్రకోటలో కూతురి దగ్గర ఉంటోంది, ఆదివారం సాయంత్రం స్కోర్లు చెప్పకపోతే ఫోన్లోనే చీవాట్లు పెడుతుంది. గ్రేడింగ్ గదికి ఇప్పుడు పెద్దని నేనే. పనిలోకి తీసుకునేవాళ్ళ జాబితా రాసినా, జట్టు రాసినా, ఒక పేరు రాయగానే చెయ్యి ఆగుతుంది. ఈ మనిషి నిజంగా కావాలనే రాశానా అని అడుగుతాను నన్ను నేను. ఎందుకంటే నేను ఊరికే రాసేసిన ఆ పేరుని నమ్ముకుని, ఎక్కడో ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరి ఉంటాడు.