ముందు దుడ్లా, వెనక దుడ్లా

నిన్న ఉదయం కాఫీ తాగుతుండగా నా ఫోను ఒకసారి మూలిగి, మూడు రోజుల్లో నా ప్లాను గడువు తీరిపోతుందని హెచ్చరించింది. ఇరవై ఎనిమిది రోజులదా, ఎనభై నాలుగు రోజులదా, ఏకంగా ఏడాదిదా అని మా అమ్మాయి వరుసగా చదివి వినిపిస్తుంటే నాకు మళ్ళీ పాత అనుమానాలన్నీ లేచి కూర్చున్నాయి. తూకంలో కొట్టేవాళ్ళను చూశాం గాని, క్యాలెండరులోనే రెండు రోజులు కొట్టేసి దాన్ని నెల అనేవాళ్ళను చూస్తామనుకున్నామా? ఏదో ఒకటి వేయించుకోండి, మళ్ళీ ఆ కథ మొదలుపెట్టకండి అని మా ఆవిడ వంటింట్లోంచి అంది. ఆ కథ వల్లనే ఆమె ఈ వంటింట్లోకి రాకుండా పోయేది, ఆ మాటకొస్తే ఆ కథ వల్లనే వచ్చింది కూడా.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. కర్నూలు పాత బస్టాండు దగ్గరి సందులో మాది స్టీలు సామాన్ల అంగడి. మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు, నేను చిన్న మిషను పట్టుకొని జనం కొన్న చెంబుల మీదా గిన్నెల మీదా వాళ్ళ పేర్లు చెక్కేవాణ్ణి. చదువులో పేరు తెచ్చుకోలేనివాణ్ణి ఊరందరి పేర్లూ రాసే పనిలో కుదురుకున్నానన్నమాట. ఆ ఏడు వానలకు ముందు వీధిలో మురుగుకాలువ తవ్వుతూ ఎవరో గడ్డపారతో మా టెలిఫోను తీగ తెంపేశారు, నెలలు గడిచినా అది మళ్ళీ పలకలేదు. సరిగ్గా అప్పుడే కడపలో ఉండే మా మేనత్త నాకొక సంబంధం తెచ్చింది. కమలాపురంలో కిరాణా అంగడి నడుపుకునే కుటుంబం. ఫోటోలు అటూ ఇటూ మారాయి, జాతకాలు కుదిరాయి. ఆ ఫోటోను నేను రోజుకు ఎన్నిసార్లు చూసేవాణ్ణో చెబితే ఈ వయసులో కూడా ఇంట్లో లోకువైపోతాను. పిల్లను చూడడానికి మేము ఏ రోజు రావాలో పిల్ల తండ్రే ఫోను చేసి చెబుతానన్నాడట. ఆయన చేయడానికి మాకొక ఫోనుండాలి కదా, అలా మా అంగట్లోకి సెల్‌ఫోను నా పెళ్ళి నిమిత్తం అడుగుపెట్టింది.

పక్క అంగడి భాయ్ అంతకు ముందు గడియారాలు బాగుచేసేవాడు, అప్పటికి అదే అద్దాల పెట్టెలో సిమ్ముకార్డులు కూడా అమ్మడం మొదలుపెట్టాడు. ముందు డబ్బు కట్టి ఆ మేరకు మాట్లాడుకునేది ప్రీపెయిడ్ అనీ, నెలంతా మాట్లాడుకొని తరువాత బిల్లు కట్టేది పోస్టుపెయిడ్ అనీ ఆయన ఓపికగా చెప్పాడు. మా నాయన అంతా విని గల్లాపెట్టె మూత వేశాడు.

"ముందే దుడ్లు తీసుకొని సరుకు చూపించనోడు దొంగ," అన్నాడు. "సరుకు ముందిచ్చి, దుడ్లు ఎంతో తర్వాత చెప్తాననేవాడు ఇంకా పెద్ద దొంగ. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉండారా భాయ్?"

"నేను గడియారాలోణ్ణి శెట్టిగారూ, నాకు టైము తప్ప ఏం తెలుసు," అని భాయ్ రెండు కాగితాలు మా చేతిలో పెట్టాడు.

ఆ కాగితాల్లో అక్షరాలు చీమతలకాయలంత ఉండేవి. భాయ్ కంటికి తగిలించుకునే భూతద్దమే అరువడిగి, అరువు లేదని గోడమీద బోర్డు పెట్టుకున్న అంగట్లో కూర్చొని, తండ్రీకొడుకులం మూడు సాయంత్రాలు వాటిని చదివాం. మాట్లాడినా మాట్లాడకపోయినా అద్దె కట్టాలన్న చోట మా నాయన పోస్టుపెయిడ్ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరిదగ్గరా బాకీపడని మనిషి, మాటలకు బాకీపడతాడా? ప్రీపెయిడే తీసుకున్నాం, మూడు వందల చిల్లర కార్డు గీకి నంబరు ఎక్కించాం. కొత్త ఫోను నంబరును అంగడి బోర్డు మీద రాయించి, మేనత్త ద్వారా కమలాపురానికీ చెప్పి పంపాం. నిమిషానికి ఎంత, పక్క జిల్లాకైతే ఎంత అనే వరుసలన్నీ అంత అనుమానంగా చదివినవాళ్ళం, ఎన్ని రోజులకు అనే ఒక్క వరుసను మాత్రం భూతద్దంలోంచే దాటేశాం. అందులో మా తప్పు కూడా పూర్తిగా లేదు. మాది స్టీలు వ్యాపారం, పదేళ్ళు అటక మీదున్నా బిందె బిందెగానే ఉంటుంది. కట్టిన డబ్బు వాడకపోతే పాడైపోతుందనే ఊహ మా వంశంలోనే ఎవరికీ రాలేదు.

ఆ ఫోనును గల్లాపెట్టె పక్కన ఒక చిన్న గిన్నెలో పెట్టేవాళ్ళం, మోగితే గిన్నె కూడా మోగి వినపడాలని. మేమై ఎవరికీ చేసేవాళ్ళం కాదు, డబ్బు అలాగే ఉందన్న ధీమాతో చూసుకొని మురిసేవాళ్ళం. ఇవాళ చేస్తారు, రేపు చేస్తారు అనుకుంటూ నెల దాటిపోయింది. మనమే చేద్దామా అని నేనంటే, పిల్లవాడి తరఫువాళ్ళం ముందు చేస్తే చులకనైపోతామని మా నాయన ఒప్పుకోలేదు. మేనత్తతో అడిగిద్దామంటే ఆమె శ్రీశైలం వెళ్ళి తిరిగి రాలేదు. నా ఫోటో చూసి వద్దనుకున్నారని నేను తీర్మానించుకున్నాను, అద్దంలో చూసుకుంటే వాళ్ళ తీర్పులో అన్యాయమేమీ కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచీతో ఒక పెద్దమనిషి అంగట్లోకి వచ్చాడు. గిన్నె చేతిలోకి తీసుకుంటాడు గాని గిన్నెను చూడడు, పైనున్న అరలు చూస్తాడు, అటక చూస్తాడు. అంగడి సొంతమా, బాడుగా అని అడిగాడు. సరుకు యాడనుంచి వస్తాదప్పా, దినానికి బేరాలు బాగుంటాయా అని అడిగాడు. టాక్సువాళ్ళు మారువేషంలో వచ్చారని మా నాయన నా చెవిలో అని, అన్నింటికీ ఏదో ఉండాదిలే సార్ అని పొడిగా జవాబిచ్చి మంచినీళ్ళు మాత్రం పెద్ద గ్లాసుతో ఇచ్చాడు.

"ఆ ఫోను పనిచేస్తాదా?" అన్నాడాయన గిన్నెవైపు చూపించి.

"శానా బాగా. మూడు వందల చిల్లర ఎక్కించి రెండు నెల్లయితాంది, ఒక్క పైసా కరిగించలే," అన్నాడు మా నాయన గర్వంగా.

ఆయన జేబులోంచి తన ఫోను తీసి, మా బోర్డు మీదున్న నంబరు చూసి నొక్కి, నా చెవికి ఆనించాడు. ఈ నంబరుకు సేవలు నిలిపివేయబడ్డాయని ఎవరో అమ్మాయి మర్యాదగా చెబుతోంది. మా గిన్నె ఉలకలేదు, పలకలేదు. నేను పరుగున వెళ్ళి భాయ్‌ని పిలుచుకొచ్చాను.

"దినాలు అయిపోయినాయి శెట్టిగారూ," అన్నాడు భాయ్ ఫోను అటూ ఇటూ తిప్పి. "ఇది గిన్నె మాదిరి కాదు, పాల మాదిరి. తారీఖు దాటితే విరిగిపోతాది. కార్డు మీద ఉండాదే."

మా నాయన ముఖం మాడిపోయింది. అయితే ఇన్నాళ్ళూ ఫోను కోసి పెట్టినారా, నేనేం బాకీ ఉండానని అని గొణిగాడు. మీకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో వ్యాపారస్తుడి ఫోను ఆగిపోయిందంటే ఐ.పి. పెట్టాడనే, అంటే అప్పులు తీర్చలేనని కోర్టుకెక్కి చేతులెత్తేశాడనే లెక్క. ఆ పెద్దమనిషి మాత్రం స్టూలు లాక్కొని తీరిగ్గా కూర్చొని, మొదటిసారి నవ్వాడు.

"లెక్క ముందే కట్టినోళ్ళు మీరు. బాకీ వాళ్ళే మీకు ఉండారప్పా, మీరు గాదు," అని, ఒక చెంబు ఎంచుకొని నా ముందు పెట్టాడు.

అలవాటుగా మిషను చేతిలోకి తీసుకొని పేరేం కొట్టాలని అడిగాను. ఆయన ఒక అమ్మాయి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు, నేను చెక్కడం మొదలుపెట్టాను. సగం చెక్కాక గాని తెలియలేదు, అది ఫోటో వెనక నేను వందసార్లు చదువుకున్న పేరు. మిషను ఆపి ఆయన ముఖంలోకి చూశాను.

"కొట్టు నాయనా," అన్నాడాయన. "పక్కన ఇంకో పేరుకు చోటు మాత్రం వదులు."

మంచిరోజులు వచ్చాక చేద్దామని ఆగి, తీరా చేస్తే మా రెండు ఫోన్లూ పలకకపోయేసరికి ఐ.పి. కుటుంబమని ఇంట్లో అందరూ అన్నారట. మేనత్తను అడిగితే మేనల్లుడి గురించి తప్పు చెప్తుందా అని ఆమెనూ నమ్మక, తెల్లవారుజామునే బస్సెక్కి, మూడు బస్సులు మారి, తన కళ్ళతో చూసుకోవడానికి వచ్చాడు మా మామగారు. ఆయన వచ్చినవాడు వచ్చినట్టే ఆ సాయంత్రం మా ఇంట్లో భోజనం చేసి, రోజు ఖాయం చేసుకొని వెళ్ళాడు.

ఆ చెంబు ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. మొదటి పేరు సగందాకా తిన్నగా ఉండి, తరువాత కాస్త వణికి ఉంటుంది. రెండో పేరు నాది, పెళ్ళైన మర్నాడు చెక్కాను, అది పూర్తిగా వంకరే. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరైనా ఫోను ఎత్తకపోతే, చివరిసారి ఎప్పుడు చూశారో ఆ ఫోనే చెబుతుంది, దాన్నిబట్టి కూర్చున్నచోటనే ఒక మనిషిని తేల్చేస్తున్నాం. అనుమానాలకు కొరత లేదు గాని, వాటిని తీర్చుకోవడానికి గడప దాటేవాళ్ళు మాత్రం లేరు. నేను కూడా దాటడం లేదు.

ఏడాది ప్లానే వేయించాను. అది ఏ తారీఖున విరిగిపోతుందో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ చెంబులో వేసి పెట్టాను.