సోమశేఖర్ గారి మేపుల్‌కి నచ్చదు

మా సోమశేఖర్ గారికి ఒక్కటే పిచ్చి, మేపుల్ చెట్టు. చల్లని దేశాల తోటల్లో అందానికి పెంచే ఆ మోకాలెత్తు ఎర్రాకుల మొక్కని, కువైట్‌లో, అబూ హలీఫాలో, మా పక్క ఫ్లాట్ హాల్లో పెంచుతున్నారు మహానుభావుడు!

ఆయన షుఐబా పవర్ ప్లాంటులో ఇంజనీరు. పగలంతా బాయిలర్ల వేడి, ఇంటికొస్తే గజగజ. ఆగస్టులో ఊరు ఊరంతా పెనంలా కాలుతుంటే ఆ ఇంట్లో ఏసీ పదహారు మీద! భార్య జ్ఞానప్రసూన గారు స్వెటర్ తొడుక్కుని వంట చేస్తారు.

"పోపు వద్దు ప్రసూనా, ఆ ఘాటు మేపుల్‌కి నచ్చదు!"

టీవీ పెడితే, "ఆ గోల మేపుల్‌కి నచ్చదు!"

"అన్నయ్య గారూ, నేనైనా నచ్చానేమో కాస్త దాన్ని కనుక్కోండి," అనేవారావిడ నాతో.

పైగా దానికో కాపలా! మా బిల్డింగ్‌లో ఇళ్లపని చేసే రాయచోటి మహబూబ్ బీ రోజూ మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుని ఆకుల మీద నీళ్లు చిలకరించాలి. నేను జాలిపడి, దానంతటదే నీళ్లు చిలకరించే మిషను కొనుక్కెళ్లాను. సోమశేఖర్ గారు కంగారుపడిపోయారు.

"అమ్మో, వద్దండీ! మిషను మేపుల్‌కి అస్సలు నచ్చదు!"

మొన్న శుక్రవారం, సెలవునాడు మధ్యాహ్నం వెళ్లేసరికి ఆకులన్నీ రాలి ఉన్నాయి. కొమ్మ ముట్టుకుంటే పుటుక్కున విరిగింది. ఈ మనిషికెలా చెప్పడం? పక్కనే మహబూబ్ బీ బోడికొమ్మల మీద శ్రద్ధగా నీళ్లు చల్లుతోంది.

"ఇది చచ్చిపోయింది కదమ్మా?" అన్నాను మెల్లగా.

"నాకు తెల్దా సార్? ఎప్పుడో ఎండిపాయ. చెప్తే సారు తట్టుకోల్యాడు. అందుకే దినామూ వచ్చి నీళ్లు చల్లిపోతాండా."

ఎవరో ఒకరు చెప్పాలిగా! ధైర్యం చేసి, వంటింట్లో ఉన్న సోమశేఖర్ గారి దగ్గరికెళ్లాను.

"సోమశేఖర్ గారూ, మీ మేపుల్..."

ఆయన గబుక్కున నా నోరు మూసేశారు.

"పోయిందని నాకూ తెలుసండీ! గట్టిగా అనకండి, మహబూబ్ బీ వింటుంది. ఒకింట్లో పనయ్యాక రెండో ఇంటివాళ్లు సాయంత్రం గాని తలుపు తియ్యరు. అందాకా ఆ మెట్ల మీద ఉడికిపోయేది. లోపల కూర్చోమ్మా అంటే, పనిలేకుండా ఒకరింట్లో కూర్చోనంటుంది. పనుందంటేనే వస్తుంది!"

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"మీకు చెట్ల గురించి తెలిసినట్టు మొహం పెట్టండి చాలు."

నాకు పట్టరాని ఉత్సాహం వచ్చేసింది. హాల్లోకి పరిగెత్తి, కళ్లద్దాలు సవరించుకుని, ఆ ఎండుకొమ్మని అటూ ఇటూ పరీక్షగా చూసి గట్టిగా అన్నాను.

"మహబూబ్ బీ, ఇదిగో, ఇక్కడ చిగురు వేసేలా ఉంది. ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోవాలమ్మా నువ్వు!"