రెండు గంటల దిశలో తెల్లపిట్ట

1999 ఆగస్టులో నన్ను కాకినాడకు బదిలీ చేశారు. హోదా అటవీ సెక్షన్ ఆఫీసరు. అంటే రేంజి ఆఫీసరుకు కింద, బీటు చూసుకునే గార్డులకు పైన. మడ అడవిలో గస్తీ, కలప కేసులు, మొక్కల పెంపకం మామూలు పనులు. మాది కడియం. నర్సరీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఆకు చూపిస్తే చెట్టు పేరు చెప్పేవాణ్ణి. ఆ పనుల్లో నాకు వంక పెట్టినవాళ్లు లేరు.

ఆ ఏడాదే ఇంకో పని తగిలింది. నెలకొకసారి అద్దె బోటులో నడిసముద్రంలోకి వెళ్లి అక్కడ కనబడే పక్షులు, డాల్ఫిన్లు, తాబేళ్లు రాసుకురావాలి. వెంట పదిమంది పక్షి ప్రేమికులను తీసుకెళ్లి చూపించాలి కూడా. ప్రయోగంగా ఆరు ట్రిప్పులు. వాటి నివేదిక చూసి డివిజన్ ఆఫీసరు ఈ ట్రిప్పులు ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. ఉంచితే ఇద్దరు పరిశీలకుల్లో ఒకరిని దానికే ఇన్‌ఛార్జిగా వేస్తారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండోవాడు విశ్వనాథం.

విశ్వనాథం నా బ్యాచివాడే. సీనియారిటీ జాబితాలో నా కింది నంబరు. ఆ ఒక్క నంబరు తేడాకే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను 'గురువు గారూ' అని పిలిచాడు. వాళ్లది రామచంద్రపురంలో గాజుల కొట్టు. చిన్నప్పుడు కొట్లో కూర్చుని, తీర్థం రోజుల్లో వచ్చే గుంపులో ఎవరు కొంటారో, ఎవరు ఊరికే చూసి పోతారో ముందే చెప్పేసేవాడట. ఆ కన్నే సముద్రం మీద కూడా పనిచేసేది. దూరంగా అల మీద నలకంత కదిలితే చాలు, బైనాక్యులర్సు ఎత్తకుండానే అది ఏ పిట్టో చెప్పేవాడు. తర్వాత పుస్తకం తీసి చూస్తే అదే అయ్యేది. వందకు వంద సార్లు అని అనను. కానీ నేను కాచుకుని కూర్చున్నా అతను తప్పు చెప్పడం ఎప్పుడోగానీ దొరికేది కాదు.

నాకేమో సముద్రం పడేది కాదు. హార్బరు దాటి బోటు ఊగడం మొదలుపెట్టగానే నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాణ్ణి. వచ్చిన అతిథులంతా విశ్వనాథం చుట్టూ చేరేవారు. మూడో ట్రిప్పుకు ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒక మాస్టారు అతని కోసం ప్రత్యేకంగా పూతరేకుల పెట్టె తెచ్చారు. విశ్వనాథం అందరికీ పంచి, చివర మిగిలిన రెండూ నా చేతిలో పెట్టి, "తినండి గురువు గారూ, ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా తిప్పుతుందండి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పూతరేకులు జేబురుమాల్లో చుట్టి ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకిచ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర విశ్వనాథం గురించి ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. మా ఆవిడ విని విని, "అన్నం తింటున్నారా, ఆయన్ని నములుతున్నారా? మీకు ఆయనంటే కుళ్లండి, ఒప్పేసుకోండి" అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆమె అన్నది నిజమే. అతనిదీ నా ఉద్యోగమే, జీతం నాకంటే ఎక్కువేం కాదు, సొంతిల్లు కూడా లేదు. అయినా అతని కన్ను నాకు కావాలనిపించేది. నాకు రాకపోతే అతనికి కూడా లేకుండా పోవాలనిపించేది.

ఇక్కడ పని పద్ధతి కొంచెం చెప్పాలి. సముద్రం మీద చూపించడానికి చెట్టూ పుట్టా ఉండవు. అందుకని గడియారం లెక్క వాడతారు. బోటు ముందు కొసను మత్స్యకారులు అణియం అంటారు. అది పన్నెండు గంటలు. కుడిపక్క మూడు, వెనక ఆరు, ఎడమపక్క తొమ్మిది. ఏదైనా కొత్తది కనబడితే చెయ్యెత్తి గంట మాత్రమే చెప్పాలి. పేరు పలకకూడదు. పేరు వింటే రెండోవాడి కన్ను కూడా దాన్నే చూస్తుందని భయం. ఇద్దరూ ఎవరి ఫారంలో వాళ్లు టైము, దిశ, దూరం, వెలుతురు ఎటునుంచి ఉంది, ఏ గుర్తులు చూసి పోల్చుకున్నారు అన్నీ రాసి, మడిచి, ఇంజను దగ్గరున్న పాత బిస్కట్ డబ్బాలో వేయాలి. డబ్బా సరంగు దగ్గర ఉండేది. బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఒడ్డుకు చేరాకే డబ్బా తెరవాలి. మామూలు పిట్టలకు పేరు పైకి చెప్పినా, ఒకరే రాసినా సరిపోయేది. ఈ తీరంలో మా ఆఫీసు పుస్తకాల్లో ఎప్పుడూ ఎక్కని పిట్ట అయితే మాత్రం రెండు ఫారాలూ కలవాలి. అతిథులు చూసినది లెక్కలోకి రాదు.

ఆరో ట్రిప్పు వేసవి మొదట్లో వెళ్లాం. అప్పటిదాకా ఐదు ట్రిప్పుల్లోనూ రోజూ ఉండేవే తప్ప విశేషమంటూ ఏమీ దొరకలేదు. బయలుదేరేటప్పుడు విశ్వనాథం, "ఇవాళ ఒక్కటి గట్టిది కనబడితే చాలండి, ట్రిప్పులు నిలుస్తాయి" అన్నాడు. నిలిస్తే ఇన్‌ఛార్జి ఎవరో ఇద్దరికీ తెలుసు. డివిజన్ ఆఫీసరు ఐదో ట్రిప్పుకు స్వయంగా వచ్చి, వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి వెళ్లారు. నాకు చెయ్యి ఊపారు.

నీళ్లు పచ్చదనం పోయి ముదురు నీలంగా మారిన చోట ఎడమవైపు డాల్ఫిన్ల గుంపు లేచింది. అతిథులంతా అటు పరుగెత్తారు. బోటు ఒక పక్కకు ఒరిగితే సరంగు కేకలేసి సగంమందిని వెనక్కి లాగాడు. ఆ గోలలో అణియం దగ్గర నిలబడ్డ విశ్వనాథం చెయ్యెత్తాడు. "రెండు గంటలు, పైన" అన్నాడు.

బైనాక్యులర్సు ఎత్తాను. ఎదురెండలో ముందు ఏమీ తెలియలేదు. ఆ పిట్ట బోటును చూడ్డానికే వచ్చినట్టు మా మీదుగా ఒక చుట్టు చుట్టి వెనక్కి వచ్చింది. అప్పుడు ఎండ నా వీపు వైపుకు మారింది. తెల్లటి ఒళ్లు. ఎర్రటి ముక్కు. తోకలోంచి రెండు సన్నటి ఈకలు, ఒంటికంటే పొడుగు, గాలికి వంగుతున్నాయి. వీపు మీద సన్నటి నల్ల గీతలు. ట్రాపిక్‌బర్డ్. గూడు పెట్టడానికి తప్ప నేల మీదికి రాని పిట్ట, మా ఆఫీసు పుస్తకాల్లో ఎప్పుడూ ఎక్కనిది. పుస్తకంలో బొమ్మ తప్ప నేను చూసింది లేదు. నిమ్మకాయ ఎప్పుడు జారిపోయిందో తెలియదు, కడుపులో తిప్పడం కూడా ఆగిపోయింది. దాదాపు నిమిషంపాటు దాని వెంటే బైనాక్యులర్సు తిప్పాను. అంత అందమైన పిట్టను నా జన్మలో చూడలేదు.

అది వెళ్లిపోయాక ఫారం తీశాను. విశ్వనాథం అటు తిరిగి గబగబా రాసుకుంటున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. నాకు పూతరేకుల పెట్టె గుర్తొచ్చింది. భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది. నేను రాసింది ఇది: "ఎండ ఎదురుగా ఉంది. తెల్లటి పక్షి ఒకటి ఉన్నట్టు అనిపించింది. గుర్తులేవీ కనబడలేదు." సంతకం పెట్టి, మడిచి, డబ్బాలో వేశాను.

జెట్టీ మీద డబ్బా తెరిచారు. విశ్వనాథం నా ఫారం రెండుసార్లు చదివాడు. అతను నిలదీస్తాడని, అందరి ముందు గొడవ పెట్టుకుంటాడని అనుకున్నాను. దానికి సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను పెన్ను తీసి తన ఫారంలో పిట్ట పేరు మీద గీత గీశాడు. పక్కన 'నిర్ధారణ కాలేదు' అని రాసి పొట్టి సంతకం చేశాడు. "గురువు గారికి కనబడలేదంటే నేనే పొరబడి ఉంటానండి. ఎండ కదా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నా కన్ను మీద నమ్మకంతోనే అన్నాడు.

సరంగు ఖాళీ డబ్బా అందుకుంటూ నా మెడలో ఉన్న బైనాక్యులర్సు వైపు చూసి, "మీ అద్దాలు బాగానే పనిచేస్తున్నాయాండి?" అని అడిగాడు. వెనక నుంచి అంతా చూసినవాడు అతనొక్కడే. అతని మాట ఏ ఫారంలోకీ ఎక్కదు.

ఆరు ట్రిప్పుల్లో చెప్పుకోదగ్గది ఏదీ కనబడలేదని నివేదిక వెళ్లింది. ట్రిప్పులు ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. విశ్వనాథాన్ని రాజమండ్రిలో కలప డిపోకు వేశారు. రిటైరయ్యేదాకా దుంగల కొలతలు రాసుకుంటూ అక్కడే ఉన్నాడు. మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. నాకు మరుసటి ఏడాది రేంజి ఆఫీసరుగా ప్రమోషను వచ్చింది. అది సీనియారిటీ ప్రకారం వచ్చేదే. పిట్టను రాసినా వచ్చేదే. సంతోషంగా ఉందా అంటే, మడ అడవిలో పనిచేస్తున్నప్పుడు బోటు శబ్దం వినబడితే తల తిప్పుకునేవాణ్ణి.

2008 నవంబరులో రాజమండ్రి ట్రెజరీ ఆఫీసులో కలిశాం. పెన్షనుదారులు బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికోసం వరసలో కూర్చున్నాం. కుశల ప్రశ్నలయ్యాక అతనే ఆ మాట ఎత్తాడు. డిపోలో చేరాక కూడా పిట్టలు చూసేవాడట గానీ, పేరు చెప్పే ముందు ఆగిపోయేవాడట. "ఆ రోజు అంత గట్టిగా అనుకున్నది తప్పయ్యాక, ఇంక దేన్నీ గట్టిగా అనలేకపోయానండి" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నాకు కనబడిందని, చూసే అలా రాశానని, నీ మీద ఏడుపుతో రాశానని చెప్పాను.

అతను చేతిలో ఉన్న సర్టిఫికెట్ కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు. లోపల గుమాస్తా ఎవరి పేరో పిలిచాడు. తర్వాత విశ్వనాథం అడిగాడు, "తోక చూశారా?"

చూశానన్నాను. ఒంటికంటే పొడుగు.

"ముక్కు?"

ఎరుపు అన్నాను. వీపు మీద నల్ల గీతలు కూడా ఉన్నాయని చెప్పాను.

"గీతలు నాకు కనబడలేదండి" అన్నాడు. "అయితే నాకంటే మీకే బాగా కనబడింది" అన్నాడు. గురువు గారూ అనలేదు. అతని పేరు పిలిస్తే లేచి లోపలికి వెళ్లాడు. సంతకం చేసి అటు నుంచి అటే వెళ్లిపోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రెండు ఫారాలు కలవాలన్న నియమం మంచిది. లేని పిట్టను ఉందని రాయకుండా అది ఆపుతుంది. ఉన్న పిట్టను లేదని రాసేవాణ్ణి అది ఆపలేదు. ఆ ఫారం ఇంకా ఉంటే, అందులో సంతకం నాదే.