ఆఠీను ముక్కకు పెట్టిన గాటు

మా వదిన కుట్టిన బొంత చిరిగింది ఆమె చేతకానితనం వల్ల కాదు, నా కత్తెర వల్ల. ఈ మాట పాతికేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

అరవైల చివరి రోజులవి. కోటబొమ్మాళిలో మా ఇంటి అరుగు మీద మిషను పెట్టుకుని జాకెట్లు, లాగులు కుట్టేవాణ్ణి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కుట్టు అంటే ఇంట్లో నేనే. అన్నకి పెళ్లయి వదిన కాపరానికొచ్చిన ఏడాదే, మా చెల్లెలు తొలి కాన్పుకు వచ్చింది. మా వైపు, పుట్టే బిడ్డకి కొత్త గుడ్డ వాడరు. పెద్దవాళ్లు కట్టి మెత్తబడ్డ చీరల్ని చదరాలుగా కోసి, కలిపి బొంత కుడతారు. తల్లీబిడ్డలతో పాటు అది అత్తవారింటికి వెళ్తుంది. అక్కడ అందరూ తిరగేసి చూస్తారు.

ఆ బొంత కుట్టే పని అమ్మ నాకు కాకుండా వదినకి ఇచ్చింది.

నడిమి చదరం మీద వదిన పేకముక్కల్లోని ఆఠీను గుర్తు, అదే ఎర్ర గుండె బొమ్మ, వేసింది. కాగితాన్ని మధ్యకు మడిచి, సగం బొమ్మ కత్తిరించి విప్పింది. రెండు వైపులూ ఒక్కలాగే వచ్చాయి. దాన్ని అమ్మ పాత ఎర్రచీర మీద పెట్టి, మడతకు కాస్త గుడ్డ వదిలి కోసింది. పైన రెండు వంపులు కలిసే చోట చిన్న గాటు పెట్టాలి. తక్కువైతే గుడ్డ ముడత పడుతుంది, ఎక్కువైతే పోగులు ఊడతాయి. ఆమె సరిగ్గా పెట్టింది. నాకది పట్టుబడ్డానికి రెండేళ్లు పట్టింది.

“పిల్లకి ఇప్పుట్నించే పేకాట నేర్పుతావేటే?” అంది అమ్మ.

“మీ పెద్దబ్బాయి పేక దాసుకోడానికి సోటు లేదంటే ఇక్కడ కుట్టీసేనత్తా!”

అమ్మ పడీపడీ నవ్వి, నా వైపు తిరిగింది. “ఒరే, సూడరా ఈ సెయ్యి. నీ మిషనుకి కూడా ఇలాగ రాదు. బొంత అయిపోతే మజ్జాన్నాలు దీనికి మిషను వదులు. నేర్సుకుంటాది.”

వదిన ముఖం వెలిగిపోయింది. “నిజంగా ఇస్తావేటి మరిదీ?”

“సూద్దాంలే” అన్నాను. నాకు ఉక్రోషం వచ్చింది. మిషను అడిగినందుకు కాదు. ఆ పోలిక చేసినందుకు.

ఆఠీనుని నడిమి చదరం మీద పెట్టి, అంచులు మడిచి, మడత నిలిచేలా వదులుగా పొడికుట్లు వేసి, వదిన నీళ్లకు వెళ్లింది. నేను ఆ మడత ఎత్తి, గాటుని మరి నాలుగు పోగుల లోతుకి కోశాను. మళ్లీ మడిచి ఎప్పటిలా పెట్టాను. ఆమె వచ్చి దాని మీదే కుట్టుకుపోయింది.

నాలుగు ఉతుకులకి ఆ గాటు నడిమి దాకా చీరుకుపోయింది. చెల్లెలి అత్తగారు బొంత పట్టుకుని స్వయంగా వచ్చింది.

“మీ కోడలి సింగారం సూడండొదినగారూ. రెండు సెక్కలైపోనాది. ఇది పిల్ల మీద కప్పమంటారేటి?”

అమ్మ తల దించుకుంది. వదిన చిరుగుని వేళ్లతో తడిమి, “గాటు నేనే లోతుగా పెట్టీసినట్టున్నాను” అంది. నేను మిషను తొక్కడం ఆపలేదు. నాకు ముందు కలిగింది సంతోషమే, దాచను. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

ఆపైన మిషను మాట అమ్మా ఎత్తలేదు, వదినా అడగలేదు. వదిన మిషను చుట్టూ ఊడ్చేది గాని దాని మీద చెయ్యి వేసేది కాదు. బొత్తాం ఊడినా నా దగ్గరికే పంపేది.

ఈమధ్య చెల్లెలు వచ్చి, మాటల్లో ఆ బొంత సంగతి తెచ్చింది. “నీ సేతి కుట్టు మా అత్త సచ్చిందాకా మర్సిపోలేదొదినా” అని నవ్వింది. వదిన కూడా నవ్వబోయింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

“ఆ గాటు వదినది కాదు” అన్నాను చెల్లెలితో. తర్వాత వదిన వైపు తిరిగాను. “నేనే కోసేను. అమ్మ నిన్ను మెచ్చుకుంటే ఓర్సలేక కోసేను. నీకు రావలసిన పని నీకు రానియ్యలేదు. తప్పయిపోనాది వదినా.”