మైకులో చెప్పిన పొగ హెచ్చరిక

2022 నవంబరు 14, సోమవారం నాడు తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి, రేపల్లెలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజరుగా చేరాను. ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎంలకి పైన, మెడికల్ ఆఫీసరుకి కింద ఉండే పదవి అది. నా కింద ఆరుగురు ఏఎన్ఎంలు. అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉంది.

ఆ కాలంలో మాకు పెద్ద పని పొగ. యంత్రంతో వరి కోశాక చేలో గడ్డి మిగిలిపోతుంది. రెండో పంటకి తొందరపడే రైతులు కొందరు దాన్ని అక్కడే తగలబెడతారు. మధ్యాహ్నం ఆ పొగ పైకి పోతుంది. సాయంత్రం చలి దిగాక ఊరి వీధుల్లో నిలబడిపోతుంది. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి ఆ రెండు మూడు గంటలే ప్రమాదం. అలాంటివాళ్ళ పేర్లు, ఇంటి గుర్తులు, ఫోన్ నంబర్లు రాసుకున్న జాబితాని మేము లైన్ లిస్టు అంటాం. పొగ కబురు రాగానే మెడికల్ ఆఫీసరుకి చెప్పి, ఆయన ఒప్పుకున్నాక హెచ్చరిక పంపాలి. పంపే బాధ్యత నాది.

మసీదు చుట్టుపక్కల వీధులు నూర్జహాన్ అనే ఏఎన్ఎం చూసేది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఆ వీధుల్లోనే పుట్టింది. ఆమె పనిలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. వెతకలేదని అనను. వార్డు వాట్సాప్ గ్రూపులో నేను పదకొండు పంక్తుల హెచ్చరిక పెడితే ఏడుగురు జవాబిచ్చేవారు. ఆమె ఇరవై సెకన్లు మాట్లాడి పెడితే తొంభై మంది. ఈ లెక్క నేను డైరీలో రాసుకునేదాన్ని. ఇళ్ళకి వెళితే నాకు కుర్చీ వేసేవారు, ఆమెకి చాప మీద తమ పక్కన చోటిచ్చేవారు. కుర్చీలో కూర్చుని నేను చూసింది ఆ చాపనే.

డిసెంబరు 29, గురువారం. సాయంత్రం 4.35కి కాలవ అవతల చేలు తగలబడుతున్నాయని కబురొచ్చింది. మెడికల్ ఆఫీసరుకి ఫోన్ చేశాను. హెచ్చరిక పంపమన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, నూర్జహాన్ వీధుల గురించి కంగారు పడొద్దు, ఆమె చూసుకుంటుందిలెండి అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

నూర్జహాన్ అప్పటికే ఫోన్లు మొదలుపెట్టింది. ఆమె లైన్ లిస్టులో ముప్పై ఎనిమిది పేర్లు. నేను ఆమె దగ్గరికి వెళ్ళేసరికి ఇరవై మూడు పూర్తయ్యాయి.

"మిగతావి ఎప్పటికవుతాయి?" అన్నాను.

"అరగంటలో అయిపోతాయండి. ఫోన్ ఎత్తనివాళ్ళ ఇంటికి నేనే వెళ్తా."

"అరగంట పొగ ఆగుతుందా? మసీదు మైకులో చెప్పిస్తే రెండు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది."

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. "మైకు మాత్రం వద్దండి మేడమ్. నమాజు వేళ కాని వేళ మైకు మోగిందంటే ఎవరో పోయారనే మావాళ్ళ లెక్క. అందరూ బయటికొచ్చేస్తారు."

అది నాకు సలహాగా వినపడలేదు, ఈ వీధులు నావి అన్నట్టు వినపడింది. ఫోన్లు ఆపి నాతో రమ్మన్నాను. వచ్చింది.

మసీదు పెద్దాయన మర్యాదస్థుడు. నా కాగితం చదివి, "నూర్జహాన్‌ని అడిగారా అమ్మా?" అన్నారు. ఆమె గుమ్మం బయట నిలబడి ఉంది. ఆమెకి తెలుసండి అన్నాను. అందులో అబద్ధం లేదు, నిజం సగమే ఉంది.

5.10కి ఆయన మైకు అందుకుని, ముందు తెలుగులో, తర్వాత ఉర్దూలో చదివారు. 'అందరికీ తెలియజేయడమేమనగా' అని మొదలైంది. ఎవరైనా పోయినప్పుడు చెప్పే కబురూ అలాగే మొదలవుతుందని నాకు తెలియదు. రెండో వాక్యానికే తలుపులు తెరుచుకున్నాయి. మసీదు మెట్ల మీద నుంచి లెక్కపెట్టాను. ఒక్క వీధిలోనే అరవై నాలుగు మంది, పసిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళతో సహా, పొగలో నిలబడి ఉన్నారు.

"ఎవరు పోయారంటా?"

"ఎవరూ పోలేదంట పిన్నీ. పొగంట. తలుపులేసుకుని లోపల ఉండమంటన్నారు."

"లోపల ఉండమని చెప్పటానికి బయటికి పిలవాలా ఏంటి?"

కొందరు నవ్వారు. నూర్జహాన్ నవ్వలేదు. ఒక్కొక్కరి భుజం పట్టుకుని లోపలికి పంపుతోంది. ఆ మాట అన్న పిన్నితో, "తిట్టడం రేపు తిడుదువుగాని, ముందు లోపలికి నడువు" అంది.

లైన్ లిస్టులో పదిహేడో పేరు ఖైరున్నీసా, అరవై ఎనిమిదేళ్ళు, పాత ఉబ్బసం. నూర్జహాన్ ఫోన్ చేసినప్పుడు ఆవిడ కిటికీలు మూసుకుని, పీల్చే మందు పక్కన పెట్టుకుని కూర్చుంది. పక్కవీధిలో ఆవిడ అక్క మంచాన ఉంది. మైకు మోగగానే అక్కే పోయిందనుకుని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. అక్క ఇంటి గుమ్మం ముందే పడిపోయింది. మేము చేరేసరికి పెదవులు నల్లబడ్డాయి. వేలికి పరికరం పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై నాలుగు. తొంభై నాలుగుకి పైన ఉండాలి. నూర్జహాన్ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని మందు పీల్పించింది. నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఇంటి గుర్తు చెప్పలేకపోయాను. నూర్జహాన్ ఫోన్ తీసుకుని చెప్పింది.

ఖైరున్నీసా తెనాలి ఆసుపత్రిలో మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. సోమవారంలోగా బాపట్ల జిల్లా కార్యాలయానికి నివేదిక పంపాలి. అందులో 'ప్రజలు బయటికి రావడానికి కారణం' అని ఒక గడి ఉంది. 'ప్రజల అవగాహన లోపం' అని రాశాను. అలా రాస్తే ఎవరూ ప్రశ్నించరు. పంపే ముందు నూర్జహాన్‌కి చూపించాను, ఆమె సంతకం కూడా కావాలి కాబట్టి. ఆమె రెండుసార్లు చదివింది.

"ఎనిమిదేళ్ళ నుంచి వాళ్ళకి అవగాహన కల్పిస్తున్నది నేనేనండి. లోపం అని రాస్తే అది నాదే అవుతుంది" అంది. గొంతు పెంచలేదు. సంతకం పెట్టలేదు.

జనవరి 1 ఆదివారం ఖైరున్నీసా ఇంటికొచ్చిందని తెలిసి వెళ్ళాను. నాకు మళ్ళీ కుర్చీయే వేశారు. ఆవిడ నన్ను నిందించలేదు. "నూర్జహాన్ చెప్పినట్టు లోపలే ఉన్నానమ్మా. మైకు వినపడ్డాక కాళ్ళు ఆగలేదు" అంది, అంతే.

సోమవారం నివేదిక తిరగరాశాను. కారణం: వేళ కాని వేళ మైకు ప్రకటన. నిర్ణయం: సూపర్‌వైజరు. ముందుగా వద్దన్నవారు: ఏఎన్ఎం నూర్జహాన్. ఈసారి ఆమె సంతకం పెట్టింది. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. బాపట్ల సమావేశంలో ఆమెను ముందు వరసలోకి పిలిచి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఆమె పద్ధతిని మిగతా వార్డులకి నేర్పమన్నారు. నేను నాలుగో వరసలో కూర్చుని ఆమె చెప్పినవి రాసుకున్నాను. రాసుకుంటున్నంతసేపూ అక్కడ నేనుండాల్సింది అనే అనుకున్నాను.

హెచ్చరికలో మాటలు సరిగ్గా ఉంటే చాలదు. అది చెవిన పడగానే మనిషి మొదట చేసే పని ఏమిటో, పంపేవాళ్ళు ముందే తెలుసుకోవాలి. అది తెలిసినవాళ్ళు ఉద్యోగంలో మనకన్నా కింద ఉండొచ్చు. 2024 జూన్ 30న పదవీ విరమణ చేసేదాకా ప్రతి హెచ్చరికా పంపే ముందు నూర్జహాన్‌ని అడిగాను. ఆమె మీద అసూయ తగ్గలేదు. అది తగ్గేదాకా ఆగి అడుగుదామనుకుని ఉంటే, ఇంకొకరు వీధిలో పడిపోయేవారు.